మధ్యాహ్నపు గోలీ

“ఎడమ కాల్ల క్లాటున్నదమ్మా,” అని డాక్టర్ అఫ్రీన్ చెప్పగానే, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న ఎల్లమ్మ ముఖం పాత ట్యూబులైటులా రెండుసార్లు కొట్టుకుని ఒక్కసారిగా వెలిగిపోయింది.

“యాప్రాల్ల ప్లాటా?” అంది చెవి వెనక చెయ్యి పెట్టుకుని. “ఎప్పుడు తీసుకున్నరు? ముసల్దానికి ఒక్క మాట చెప్పొద్దా?”

ఎవరూ దిద్దలేదు. దిద్దితే ఆమె కొడుకు రాములే దిద్దాలి. ఎల్లమ్మ కుడిచెవి ఏనాడో షట్టరు దించేసింది. ఎడమచెవి సగం తెరిచి ఉన్నా కొడుకు గొంతును తప్ప ఇంకెవర్నీ లోపలికి రానివ్వదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో స్టీలు సామాన్ల దుకాణం ముందు నిలబడి పాతికేళ్ళుగా గిరాకీని పిలిచిన గొంతు అది, తలుపు తట్టే రకం కాదు, తోసుకొచ్చే రకం. ఆ గొంతు ఇప్పుడు లేవలేదు. రాములు గోడకున్న ఆక్సిజన్ మీటరు వైపు, తన జాతకం అందులోనే తేలబోతున్నట్టు, కన్నార్పకుండా చూస్తున్నాడు. అతని అక్క అండాళు కొంగు చివర దారాలు ఒక్కొక్కటే లాగుతోంది. ఎల్లమ్మ జవాబు కోసం ఆగలేదు. ఫోన్ తీసి, తనకు వినపడాలని స్పీకరు పెట్టి, వార్డంతటికీ వినపడేలా “హలో” అంటూ, కోడలికి ఊరి చివర యాప్రాల్‌లో ప్లాటొచ్చిన సంగతి తాముండే చిలకలగూడకు చాటడానికి వరండాలోకి వెళ్ళిపోయింది.

మంచం మీద ఉన్న కల్పలత నవ్వుదామనుకుంది. ఇంకో రోజైతే ఆ ప్లాటుకు నాలుగు హద్దులూ పాతి, దాని మీద నవ్వులు అంతస్తులుగా లేపేది. రాములు భార్యగా వచ్చిన నాటి నుంచీ ఆ దుకాణంలో మూల స్టూలు మీద కూర్చుని, కొన్నవాళ్ళ గిన్నెల మీద కరెంటు మిషనుతో పేర్లు చెక్కే మనిషి ఆమె. చెక్కే ప్రతి పేరునూ ముందు నోట్లో వేసుకుని నమిలి గానీ గిన్నె మీద పెట్టదు. స్వర్ణమ్మ అని చెక్కమంటే “పేరు బంగారం, గిన్నె స్టీలు, నడమ నేనేమో ఇత్తడి” అంటుంది. ఇప్పుడూ మాట నాలుక చివరికి వచ్చింది: క్లాటంటే గడ్డ, ప్లాటన్నా గడ్డే, అత్తమ్మ మరీ అంత తప్పేం వినలేదు. కానీ నవ్వడానికి గుండెల్లోంచి గాలి కావాలి, ఆ గాలి సగం దారిలోనే ఆగిపోతోంది. పొద్దున చిలకలగూడ ఇంట్లో మెట్లెక్కుతుంటే ఆగినట్టే. ఎడమ పిక్క అరటిబోదెలా నున్నగా, గట్టిగా, తనది కానట్టుగా దుప్పటి మీద పడి ఉంది.

“ఇది ఎందుకైందో నాకు తెల్వాలె కల్పలత గారూ,” అంది డాక్టర్. ముప్పై దాటినట్టు లేదు, మాటలో మాత్రం పెద్దరికం ఉంది. “మానససరోవరం పోయొచ్చిండ్రు. అంత ఎత్తుల గాలి పలచన, రక్తం చిక్కన. నీళ్ళు తాగకుంటే ఇంకా చిక్కన. గంటలకొద్దీ బస్సుల కాళ్ళు ముడుచుకొని కూసుంటే గడ్డ కట్టనీకి ఇంకేం గావాలె? ఇగ హార్మోన్ గోలీలేమన్న వాడిండ్రా? డేటు ఆగనీకి? యాత్రకు పోయేటోళ్ళు మస్తుమంది వేసుకుంటరు, అవి ఈ రిస్కు ఇంకా పెంచుతయి.”

“నేను వెయ్యలే డాక్టరమ్మా. వద్దని ముందే చెప్పిన.”

“పక్కానా? అవి ఆపేసిన రెండు మూడు రోజులకే డేటొస్తది. జెర యాద్ చేస్కోండి. ఛాతీ స్కాన్ రిపోర్టు గంటల వస్తది. గడ్డ ముక్క ఊపిరితిత్తుల్లకు పోయిందా లేదా అప్పుడు చెప్త. అప్పటిదాక లేవొద్దు.”

“పక్కా,” అంది కల్పలత, డాక్టర్ వీపుకు.

పక్కా అన్నది గానీ ఆ మాట వెళ్ళిన తలుపులోంచే ఇంకో మాట లోపలికి వచ్చి కూర్చుంది, ఆపేసిన రెండు మూడు రోజులకే, రెండు మూడు రోజులకే, సీసాలోంచి గొట్టంలోకి పడుతున్న చుక్కలు కూడా అదే అంటున్నాయి, స్టేషన్ వైపు నుంచి వినపడుతున్న రైలు కూడా పట్టాల మీద అదే చదువుకుంటూ పోతోంది. ఇంటికొచ్చింది ఆదివారం. సామాను విప్పి, మట్టి బట్టలు నానేసి, పక్కింటివాళ్ళకు సరస్సు నీళ్ళ సీసాలు పంచింది. మంగళవారం పొద్దున బాత్రూంలో చూసుకుంటే వచ్చేసింది. అంత ఎర్రగా, అంత మామూలుగా, ఏమీ జరగనట్టు. ఆమె నెల సికింద్రాబాద్ రైళ్ళ లాంటిది కాదు, ఏనాడూ లేటు లేదు, నలభై ఆరేళ్ళొచ్చినా గడియారం దాన్ని చూసి ముల్లు సరిచేసుకునేది. అట్లాంటిది యాత్రలో రావాల్సిన రోజున రాలేదు, మర్నాడూ రాలేదు, బస్సు ఎక్కి దిగిన ఏ ఊళ్ళోనూ రాలేదు. ఇంటికి రాగానే, యాత్ర తను ఒక్కతే చెయ్యలేదన్నట్టు, వెనకే నడిచొచ్చింది. ఇంటికొచ్చాక ఏం మారింది? ఏం ఆగింది? బస్సు ఆగింది, భజనలు ఆగాయి, వదిన అరచేతిలో పెట్టే గోలీలు ఆగాయి.

గోలీలు. అండాళు వదిన చేతి గోలీలు. ఆ యాత్రకు పెద్ద ఆమే, చిలకలగూడ భజన బృందానికీ ఆమే, నేపాల్ దాటాక బస్సులో దేవుడి ఫోటో తర్వాత కూర్చునేదీ ఆమే. పొద్దున, సాయంత్రం హారతి కాగానే ఆడవాళ్ళందరూ వరసగా నిలబడాలి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి దోసిలిగా పెట్టాలి. వదిన ముందు ఉద్ధరిణెతో తీర్థం పోస్తుంది, తర్వాత తులసాకు, ఆ తర్వాత డబ్బాలోంచి ఎత్తు గోలీ, అంత ఎత్తున తల తిరగకుండా వేసుకునేది. ఆ దోసిల్లో పడినదాన్ని చూడకూడదు, అడగకూడదు, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుని తడిచెయ్యి నెత్తిన రాసుకోవాలి. చిన్నప్పటి నుంచీ ఎవరు మాత్రం దోసిల్లోకి చూశారు? తీర్థాన్ని ఎవరు వాసన చూశారు? పూజారినెవరైనా ఇదేంటని అడిగారా? “తీర్థం, ప్రసాదం, ఔషధం, మూడూ ఒకే కౌంటర్ల,” అని కల్పలత అంటే వరసంతా నవ్వింది, అందరికంటే గట్టిగా వదినే నవ్వింది. ఆమె జోకులకు మొదట నవ్వేది ఎప్పుడూ వదినే, అందుకే ఆమె అంటే అంత ఇష్టం. ఆ గోలీ వేసుకుంటే బాత్రూం ఎక్కువ, బస్సు చూస్తే ఆగదు, ఆగినా చాటుకు రాయి తప్ప గోడ ఉండదు. ఇద్దరు శాలువా పట్టుకుని నిలబడితే ఒకరు వెనక్కు వెళ్ళాలి, ఆ గాలికి శాలువా ఎటు ఎగిరితే మానం అటు. కాబట్టి వదిన హుకుం, “నీళ్ళు జెర తక్కువ తాగుండ్రి.” నాలుకలు చెక్కముక్కల్లా ఎండిపోయేవి, అంత పెద్ద సరస్సు పక్కన కూర్చుని గుక్కెడు నీళ్ళకు లెక్క చూసుకునేవాళ్ళు. అది మానససరోవరం కాదు, మా నస సరోవరం అంది కల్పలత, దానికీ నవ్వారు. నవ్వితే పెదాలు పగిలి నెత్తురొచ్చేది, ఆ నెత్తురు చిక్కగా, నల్లగా, సీసా అడుగున మిగిలిన శొంఠి పాకంలా ఉండేది. ఎవరైనా ఆగి చూసుకున్నారా? అంత ఎత్తున ఆయాసం భక్తి లెక్కలోకి వెళ్ళిపోతుంది, కాళ్ళ నొప్పి పుణ్యం లెక్కలోకి.

మధ్యాహ్నం మాత్రం వరస లేదు, హారతి లేదు. వదిన ఆమె సీటు దగ్గరికే వచ్చి, చెయ్యి చాపమని, ఇంకో గోలీ పెట్టేది. “నాకే డబుల్ ప్రసాదమా వదినా?” అంటే, “నువ్వు జెర బరువెక్కువ గద, నీకు గట్టిగ పడాలె,” అని బుగ్గ గిల్లేది. కిటికీ పక్కన కూర్చున్న రాములు బయటి కొండల్ని చూస్తుండేవాడు. ఆయనకు కొండలంటే అంత ఇష్టమని ఆమెకు అంతకుముందు తెలియదు.

ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. వదిన ఇప్పుడు తన చేతి మీద చెయ్యి వేసి నిమురుతోంది, “శివయ్య ఉన్నడు కల్పా, ఏం గాదు,” అంటోంది. ఆ చెయ్యే. అదే చెయ్యి, అదే మెత్తదనం. కల్పలత ఆ చేతిని చూస్తూ సరస్సు దగ్గరికి వెళ్ళిపోయింది, ఎందుకంటే మిగతా అన్నిచోట్లా చలిగా ఉంది, అక్కడ ఒక్కచోటే కాసేపు వెచ్చగా ఉండింది.

ఆ పొద్దున ఒడ్డున మట్టిగోడల గదిలోంచి బయటికొస్తే నీళ్ళు నీలంగా కాదు, నీలానికి ముందు రంగేదో ఉంటే ఆ రంగులో ఉన్నాయి. బకెట్లో ముంచి తెచ్చిన నీళ్ళు రాములే ఆమె నెత్తిన పోశాడు, ఒళ్ళు కొయ్యబారింది, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే తనే శాలువా కప్పి ఎండలో రాయి మీద కూర్చోబెట్టాడు. అప్పుడు చెప్పింది. డేటు దాటిపోయింది ఇగో, రాలేదు అని. ముందు జోకుగానే మొదలుపెట్టింది, “దుకాణం కట్టేసినట్టున్నది, ఇగ నాది గూడ షట్టర్ డౌన్.” చెప్తూ చెప్తూ గొంతు ఎక్కడో జారింది. ఎందుకంటే ఇంకో మాట వెనక నిలబడి తోస్తోంది. నలభై ఆరేళ్ళకు కడుపైనవాళ్ళున్నారట, వదిన వాళ్ళ కాలనీలోనే ఒకామెకు అయిందట, వంద గుళ్ళు తిరిగినప్పుడు కానిది ఒక్కోసారి ఊరికే అవుతుందట. సరోవరం అన్నమాటను ఆమె నోట్లో వేసుకుని నమిలింది, అలవాటు కదా, నమిలితే చివర వరం మిగిలింది. “సరోవరంల వరం ఉన్నది సూసినవా,” అంది, నవ్వుతూనే, కానీ శాలువా కింద చెయ్యి అప్పటికే పొట్ట మీదికి వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ చెయ్యిని అక్కడికి పోనివ్వలేదు ఆమె. రాములు నీళ్ళకేసి చూశాడు. తర్వాత ఆమె చెయ్యి తీసుకుని గట్టిగా నొక్కాడు. “శివునికెరుక,” అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటతో ఆమె కొండ చుట్టూ నడవగలిగినంత నడిచింది, ఆయాసాన్ని ఆయాసమనుకోలేదు, కాలు లాగితే కడుపులో ఉన్నవాళ్ళు కాలు లాగుతారని ఎవరో చెప్పింది గుర్తుచేసుకుంది. మంగళవారం పొద్దున బాత్రూంలో గోడకు తల ఆనించి ఎంతసేపు కూర్చుందో. రాములు తలుపవతల నిలబడి, “పోనీ తియ్యి,” అన్నాడు. ఏం పోనీయాలో ఆమె ఇంకా చెప్పనేలేదు.

తలుపవతల ఆయనకెట్లా తెలిసింది?

కాదు. అటు పోకు. అటువైపు అడుగెయ్యకు. వదిన అంటే సరే, వదిన దేవుడి పిచ్చిలో ఏదో చేసి ఉంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నెలొచ్చిందని గడప బయట కూర్చుంటే, “ముట్టయితే చేతులు పడిపోయినయా? లే, గిరాకీ నిలబడ్డది, వచ్చి పేర్లు చెక్కు,” అని లోపలికి లాక్కొచ్చిన అత్త కడుపున ఈ వదిన ఎట్లా పుట్టిందో. కానీ రాములు కాదు. రాములు ఆ స్కూటరు దగ్గరి రాములు. పద్దెనిమిదేళ్ళ కింద, పిల్లల కోసం మందులు వాడిన రోజులవి. గోలీలు మొదలుపెట్టాక కాలు వాచి, నొప్పి పట్టి, మళ్ళీ క్లినిక్కుకు పరుగెత్తితే అక్కడి పెద్ద డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది, ఈ హార్మోన్ గోలీలు ఈమె ఒంటికి పడవు, మళ్ళెప్పుడూ ఇయ్యొద్దు, ఎవరిచ్చినా వద్దనండి అని. బయటికొచ్చి స్కూటరు తియ్యకుండానే, ఎర్రటెండలో, రోడ్డు మీద, రాములు అన్నాడు, “నాకు పిల్లలకంటే నువ్వే ఎక్కువ. ఇగ ఒక్క గోలీ సుత నీ నోట్ల పడనియ్య.” ఆ రోజు చెక్కిన గిన్నెలన్నిటి మీదా అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి, సంతోషంతో. పిల్లలు లేని దుఃఖం మీద ఆ ఒక్క వాక్యం మూతలా పెట్టుకుని ఇన్నేళ్ళు వండుకు తిన్నది ఆమె. అందుకే యాత్రకు ముందు వదిన డేటు ఆపే గోలీల మాట ఎత్తితే ధైర్యంగా, “నాకొద్దు, వస్తే వస్తది, ఒడ్డున కూసొని మీ చెప్పులు కాస్త,” అనగలిగింది. రాములు పక్కనే ఉండి తలూపాడు. ఎటు ఊపాడు? నిలువుగానా, అడ్డంగానా? తల ఊగిందని గుర్తుంది, ఎటో గుర్తులేదు.

“వదినా,” అంది కల్పలత.

“చెప్పు బిడ్డా.”

“మధ్యాహ్నం గోలీ ఏం గోలీ?”

నిమిరే చెయ్యి ఆగింది. “ఎత్తు గోలీనే.”

“ఎత్తు గోలీ ఒక్కటి నాకు, ఎత్తుగడ గోలీ ఒక్కటి నాకు. రెండోదాని పేరు చెప్పు.”

అండాళు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఆక్సిజన్ మీటరు వైపు చూశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, గొంతు దించింది. “అంతదూరం పోయి, జన్మల ఒక్కసారి, ఒడ్డున చెప్పులు కాస్తవా? బస్సుల అందరి పూజ పాడైతుండె. నీ మంచికే గద కల్పా. పొద్దున, సాయంత్రం ఎత్తు గోలీతోని కలిపి ఇచ్చిన, మధ్యాహ్నం ఒక్కటి విడిగ. నేనేం దొంగతనం చెయ్యలే. వీణ్ణడిగినంకనే ఇచ్చిన.”

వీణ్ణడిగినంకనే.

అంత చిన్న మాట. తులసాకంత. కల్పలత దాన్ని కూడా కళ్ళు మూసుకునే మింగింది. లోపలికి పోయాక అది ఎక్కడా ఆగలేదు, కాల్లో ఉన్న గడ్డలాగే లేచి, దారి వెతుక్కుంటూ, పైకి వచ్చింది. సరస్సు దగ్గరికి వచ్చింది. ఎండలో రాయి, శాలువా, నెత్తి మీంచి కారుతున్న చల్లటి నీళ్ళు, చెయ్యి పట్టుకుని నొక్కిన చెయ్యి. శివునికెరుక. శివుడికి కాదు, రాములుకెరుక. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడుతున్నప్పుడు, వరమన్నప్పుడు, గొంతు జారినప్పుడు, ఆయనకు తెలుసు. ఎందుకు రాలేదో తెలుసు, ఎప్పుడొస్తుందో కూడా తెలుసు, అందుకే తలుపవతల నిలబడి పోనీ తియ్యి అన్నాడు. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అది గోలీ, ఆశ పెట్టుకోకు అని. తిట్టేది, ఏడ్చేది, ఆ రోజంతా మాట్లాడకుండా ఉండేది, సీసాడు నీళ్ళు తాగి పడుకునేది, గోలీ ఆపేసేది, కాలు వాయకపోయేది. కానీ ఆయన అనలేదు. అక్కకు కోపమొస్తుంది, బస్సులో గొడవవుతుంది, పెళ్ళాం ఎట్లాగూ జోకులేస్తోంది కదా, బాగానే ఉన్నట్టుంది కదా. రాముడిది ఒకటే మాట అంటారు. ఈయన రాములు, బహువచనం. మాటలూ బహువచనమే, స్కూటరు దగ్గర ఒకటి, సరస్సు దగ్గర ఒకటి. ఇది నిజంగా మంచి జోకు, కానీ మొట్టమొదట నవ్వే వదినకు చెప్పలేదు, రాత్రి పడుకునే ముందు ఆ రోజు జోకులన్నీ అప్పజెప్పే మొగుడికీ చెప్పలేదు. అప్పుడర్థమైంది ఆమెకు, నవ్వించడానికి ఈ ప్రపంచంలో తనకున్నది ఈ ఇద్దరేనని.

రాములు వంగాడు. “నీళ్ళు గావాల్నా?” అన్నాడు. ఇంకేదో చెప్తాడని ఆమె ఎదురుచూసింది. చెప్పు. ఇప్పుడైనా. తప్పయిందనక్కర్లేదు, అవునని చెప్పు చాలు, డాక్టర్ వచ్చినప్పుడు నువ్వే చెప్పు, నా కోసం ఒక్కసారి ఆ మార్కెట్ గొంతెత్తు. ఆయన పెదాలు కదిలాయి. “ఏసీ ఎక్కువున్నదా?” అన్నాడు.

డాక్టర్ అఫ్రీన్ వచ్చింది. “రిపోర్టొచ్చింది. చిన్న ముక్క ఊపిరితిత్తుల్లకు పోయింది. పరేషాన్ గావొద్దు, పెద్దదైతే వేరే ముచ్చట ఉండె. రక్తం పలచబడే సూది షురూ చేసినం. కానీ కారణం దొరకాలె నాకు. దొరికితే కొన్ని నెలలు మందు, అంతే. దొరకకుంటే ఇంకెన్నో పరీక్షలు, మందు జిందగీ అంత వాడాల్సి వస్తదేమో. అందుకే మళ్ళడుగుతున్న. ఇంట్లోళ్ళకేమన్న తెలుసా?” చివరి మాట రాములును చూసి అడిగింది.

“ఎత్తు మీదికి పోయినందుకే అయ్యుంటది మేడం,” అన్నాడు రాములు.

కల్పలతకు నొప్పి తెలియలేదు. సూది మందేదో కాలికి కాక మనసుకు పట్టినట్టుంది. రక్తం చిక్కబడితే పలచన చెయ్యడానికి మందుంది, పలచబడ్డదాన్ని చిక్కన చెయ్యడానికి ఏ దుకాణంలోనూ ఏమీ దొరకదు. నోరు తెరవబోయింది. అప్పుడే తలుపు తోసుకుని ఎల్లమ్మ వచ్చింది, వెనక జిలేబీ డబ్బాతో రజిత, ఆ వెనక భజన బృందంలో ఇంకో ఇద్దరు. శుక్రవారం బయల్దేరే రెండో బస్సులో వెళ్ళేవాళ్ళే ముగ్గురూ, ఆ బస్సుకూ పెద్ద అండాళే.

“ముబారక్ కల్పక్కా! యాప్రాల్ల ప్లాటంట గద! దావత్ ఎప్పుడు?” అని రజిత డబ్బా మూత తీసి, మంచం చూసి, గొట్టం చూసి, ఆగింది. “అయ్యో, ఏమైంది?”

“తీస్కోండ్రి డాక్టరమ్మా,” అంది ఎల్లమ్మ జిలేబీ ఒకటి పైకెత్తి. “శుభవార్త చెప్పింది మీరే, ముందు మీ నోరు తీపి గావాలె.”

కల్పలత మోచేతి మీద కొంచెం లేచింది. “ఇగో,” అంది మొగుణ్ణి. “అత్తమ్మకు చెప్పు, ప్లాట్ కాదని.”

“ఇంటికి పోయినంక చెప్త తియ్యి.”

“ఇప్పుడే చెప్పు. అందరున్నరు. నా గొంతు ఆమెకు వినపడదు, నీదే వినపడ్తది.”

రాములు తల్లి ఎడమచెవి దగ్గరికి వంగాడు. “ప్లాట్ కాదమ్మా! క్లాట్! యాప్రాల్ల కాదు, ఎడమ కాల్ల! రక్తం గడ్డ కట్టింది!”

దగ్గుతున్న ముసలాయన దగ్గు ఆపాడు. ఎల్లమ్మ జిలేబీని మెల్లగా డబ్బాలో పెట్టేసింది. కోడలి కాలు వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. “గడ్డనా? మంచిగుండె గద పిల్ల! ఎందుకు కట్టింది?”

“ఎత్తుకు పోయినందుకు!”

“నువ్వూ పోయినవు గదరా ఎత్తుకు? అండాళు పోయింది గద?”

రాములు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. “సగమే చెప్పినవు,” అంది.

“గోలీతోని,” అన్నాడాయన.

“ఆ? వినపడ్తలేదు!”

చిన్నగా చెప్పి తప్పించుకోవడానికి ఆ చెవి ఒప్పుకోదు. రాములు గొంతు సవరించుకున్నాడు. మోండా మార్కెట్ గొంతు బయటికొచ్చింది, వార్డు దాటి, వరండా దాటి, మెట్ల దాకా వెళ్ళింది. “గోలీతోని అమ్మా! నెల ఆపే గోలీ!”

“ఎవరిచ్చిండ్రు?”

“అక్క!”

“నీకెరుకనా?”

సీసాలో చుక్కలు పడుతున్నాయి. “ఎరుకే!” అన్నాడు రాములు, అంతే గట్టిగా, ఎందుకంటే మెల్లగా అంటే మళ్ళీ అనాల్సి వస్తుంది.

ఎల్లమ్మ కూతుర్ని చూసింది, కొడుకును చూసింది. ఆమె ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి, తన మాట తనకు వినపడదు కాబట్టి. ఈసారి అరవలేదు.

“దాన్నడిగిండ్రా?” అంది.

రజిత డబ్బా కింద పెట్టింది. భుజానికున్న సంచీలో వెతికి గోలీల పట్టీ ఒకటి తీసి డాక్టర్ ముందు పట్టుకుంది. “ఇదేనా మేడం? అండాళక్క ఇచ్చింది. ఎత్తు గోలీలే అన్నది.” డాక్టర్ పట్టీ వెనక్కు తిప్పి పేరు చదివి తలూపింది, నిలువుగా. మిగతా ఇద్దరు ఆడవాళ్ళు కూడా సంచులు తెరిచారు. అండాళు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది, అక్కడి నుంచి కొండలేవీ కనపడవు.

“ఇగ కొన్ని నెలలే కల్పలత గారూ,” అంది అఫ్రీన్. “నీళ్ళు బాగ తాగండి.”

రాములు సీసాలోంచి స్టీలు గ్లాసులోకి నీళ్ళు వంచాడు. ఇంటినుంచి తెచ్చిన గ్లాసు, దాని మీద ఆయన పేరు, ఆమె చెక్కిందే. రెండు చేతులా పట్టుకుని ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

కల్పలత గ్లాసు తన చేతిలోకి తీసుకుంది. వెలుతురు వైపు కొంచెం వంచి, అడుగు కనపడేదాకా లోపలికి చూసింది. అప్పుడు తాగింది.